నర్సింగం అకౌంటు

ఆ ఎండాకాలం మా తమ్ముడు శ్రీకాంత్ నాకు ఫోన్ చేసి "బాగున్నవా అక్కా" అని అడిగిన పాపాన పోలేదు. ఫోన్ ఎత్తగానే "ఏమైంది? పాసయిందా?" అనేవాడు. జగిత్యాల మార్కెట్లో మామిడికాయలు బేరమాడుతుంటే అదే ప్రశ్న. బీపీ మాత్ర మింగుతుంటే అదే ప్రశ్న. ఒకసారి పెగడపల్లిలో చావు పలకరింపుకు వెళ్లి కూర్చున్నాను, అక్కడికీ ఫోన్ చేశాడు. ఎత్తకపోతే మా ఆయనకు చేశాడు.

పాసవ్వాల్సింది ఏమిటో ముందు చెప్పాలి. లోకకోశం అని ఇంటర్నెట్లో ఒక విజ్ఞాన సర్వస్వం ఉంది. దాంట్లో ఎవరైనా రాయొచ్చు, ఎవరు రాసినదాన్నైనా ఇంకెవరైనా దిద్దొచ్చు. జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయ్యాక, ఊరికే కూర్చోలేక, నేను దాని తెలుగు కూర్పులో రాయడం మొదలుపెట్టాను. రాసినందుకు శిక్షగా భాషల కమిటీలో వేశారు. ఫలానా భాషలో కూడా లోకకోశం తెరవండని ఎవరైనా అడిగితే, తెరవాలా వద్దా అని తేల్చే కమిటీ అది. తలా ఒక దేశంలో ఉంటాం. జీతం లేదు, తిట్లు మాత్రం పుష్కలం.

ఆ వేసవిలో మా ముందుకొచ్చిన దరఖాస్తు, ఉత్తర తెలంగాణ తెలుగుకు వేరే కూర్పు కావాలని. పెట్టినవాడు కోరుట్లలో రైస్‌మిల్లు నడుపుకునే మా తమ్ముడే. చిన్నప్పుడు విజయవాడ హాస్టల్లో వాడి మాట విని నవ్వారట. ఆ మంట యాభై దాటినా చల్లారలేదు. వాడి కోరికలో తప్పేం లేదు. మా మాటలో ఒక విజ్ఞాన సర్వస్వం ఉంటే నాకూ ముద్దే.

గొడవంతా ఒడిబియ్యం దగ్గర వచ్చింది. మా వైపు ఐదేళ్లకోసారి పుట్టింటివాళ్లు ఆడబిడ్డను పిలిచి, చీర పెట్టి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, పోకలు ఒడి నిండా పోస్తారు. నాకు ఆ ఏడు పోయాలి. అమ్మా నాన్నా పోయాక ఇదే మొదటిది. పోసేవాడు తమ్ముడొక్కడే మిగిలాడు. వాడు పోస్తే నాకింకా పుట్టిల్లు ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

"పాసైనంకనే పోస్తనక్కా," అన్నాడు శ్రీకాంత్. "రెండు పండుగలు ఒక్కసారే జేద్దాం. ఫంక్షన్ హాల్ సుత మాట్లాడిన."

"కాకపోతే?"

"నువ్వుండంగ ఎందుకు గాదు?"

బెదిరింపు కాదు, ప్రేమే. వాడి ప్రేమ ఎప్పుడూ మెడ మీదెక్కి కూర్చుంటుంది.

కమిటీ సమావేశం కంప్యూటర్లో ఒక సాయంత్రం జరిగింది. ఇది భాషా, మాండలికమా అని మొదలుపెట్టారు. అయ్యో, ఆ ప్రశ్న! దానికి జవాబు చెప్పగలిగినవాడు ఇంతవరకు పుట్టలేదు, ఇక పుట్టడు కూడా. అయినా ప్రతి దరఖాస్తుకూ దాన్ని మొదటి నుంచి నమలాల్సిందే. ఒకాయన నది గురించి చెప్పాడు, ఒకాయన సరిహద్దుల గురించి చెప్పాడు. నేను మైకు నొక్కి, అడిగినవాడు నా తమ్ముడు, నేను ఈ విషయంలో పక్కకు తప్పుకుంటాను అన్నాను.

మా అధ్యక్షురాలు ఇల్మా ఫిన్లాండులో ఉంటుంది. మంచి మనిషి, అదే బాధ. "నీ నిజాయితీ మాకు తెలుసు," అంది. "నువ్వు ఓటు వెయ్యొద్దు. కానీ ఆ భాష చదవగలిగినదానివి నువ్వొక్కదానివే. కనీసం ముగ్గురు వేరువేరు మనుషులు నెలనెలా రాస్తుండాలన్నది నియమం. వెళ్లి వాళ్లను కలిసి, ఉన్నారో లేదో నివేదిక రాయి. మేం దాన్ని బట్టి తేలుస్తాం."

అంటే ఓటు లేదు గానీ కత్తి నా చేతికే ఇచ్చారు. తలుపు దగ్గర నిలబడి విన్న మా ఆయన మాధవ రావు నవ్వాడు.

"మీ తమ్ముడు గెలిస్తె నీకు చీర. ఓడితె నాకు నిమ్మలం. ఫోన్ల బాధ తప్పుతది."

"నోరు మూసుకోండ్రి జర," అన్నాను.

మర్నాడే కోరుట్ల వెళ్లాను. శ్రీకాంత్ మిల్లు ఆఫీసులో ఏసీ వేసి, నాకు మజ్జిగ తెప్పించి, కంప్యూటర్ నా వైపు తిప్పాడు. ట్రయల్ కింద రాసిన పేజీలు చాలానే ఉన్నాయి. పసుపు ఉడకబెట్టడం గురించి ఒక పేజీ చదివితే నాకే ముక్కుకు ఆ వాసన తగిలింది. అంత బాగా రాశాడు. రాసినవాళ్ల పేర్లు చూశాను. శ్రీకాంత్, నర్సింగం, బాలమణి, సాగర్.

"నర్సింగమంటె? మన నర్సింగమా?"

"మనోడే."

నర్సింగం కథలాపూర్ దగ్గర మా ఊళ్లో, మా పొలాల్లో వయసంతా జీతం చేసిన మనిషి. బాలమణి అతని భార్య. సాగర్ కొడుకు, మస్కట్‌లో ఉంటాడు.

"బాలమణి సచ్చిపోయి మూడేండ్లాయె గదరా!"

"గుర్తుకుండాలెనని పెట్టినక్కా."

నేను మజ్జిగ గ్లాసు కింద పెట్టాను. "సాగర్?"

"ఆనికి టైమేడిది? ఆని పేరు మీద నేనే రాస్తున్న."

"నర్సింగం పేరు మీద?"

"గది సుత నేనే. కని ఫోన్ నంబర్ ఆనిదే ఇచ్చిన, ఎవలన్న అడిగితె ఉండాలె గద. 'నర్సిగా, నీ ఫోన్ల అచ్చిన నంబర్ సదువు' అన్న. సదివిండు."

"ఎందుకని అడుగలేదా?"

"ఎందుకడుగుతడు? మనోడే గద అక్కా."

వాడి మొహంలో దొంగతనం లేదు, అది చూసే నాకు ఒళ్లు మండింది. మా ఊళ్లో రోడ్డు కోసమైనా బోరు కోసమైనా అర్జీ పెడితే నాన్న ఊరందరి పేర్లూ తానే రాయించేవాడు. వేలిముద్రలు తర్వాత వచ్చేవి. ఆ ఊళ్లో ఆ పేర్లు మావే అనుకుని పెరిగాం. అదే పద్ధతిలో వీడు ఇప్పుడు ఫిన్లాండుకు అర్జీ పెట్టాడు. ఒక్కొక్క మనిషీ ఒక్కొక్క మనిషిగా ఉండాలన్నది నియమమని చెప్తే, "మరి నలుగురున్నరు గద" అంటాడు. ఎట్లా చెప్పను? ఏ భాషలో చెప్పను?

మా ఊరి గడీ, అంటే మేం పుట్టి పెరిగిన దొరల బంగళా, మీద ఒక పేజీ ఉంది. నర్సింగం పేరు మీద మొదలైంది. 'మా దొర దేవునసొంటోడు. గడీల ఎవ్వల్తోని ఉత్తగ పని జేపియ్యలే. అందరికి కడుపునిండ వెట్టిండు.'

"నర్సింగం చెప్పిండా ఇది?"

"చెప్పకున్నా గంతేగద."

దాని కిందే, అదే నర్సింగం పేరు మీద, ఇంకో మాట ఉంది. 'పైన రాసింది నేను రాయలే. గడీల ఉత్తగనే పని జేపిచ్చిన్రు. మా తాత పోచయ్య గడీ పొలం నాటు అయినంకనే మా మడి దిక్కు పోయిండు. అప్పటికి అదును దాటిపోతుండె.'

శ్రీకాంత్ కుర్చీలోంచి లేచాడు. "గదే! గదే జెప్తున్న! నా నర్సింగం అకౌంటు ఎవడో ఎత్తుకపోయిండక్కా. పాస్‌వర్డ్ మార్చిండు. నేను తీసేస్త, మల్ల వెడ్తడు. తీసేస్త, మల్ల వెడ్తడు!"

"నీ నర్సింగం అకౌంటా?"

"మరెవలిది?"

బస్సెక్కి కూర్చునేసరికి ఇల్మా నుంచి సందేశం వచ్చింది. గడీ పేజీ మార్పుల చరిత్ర చూసిందట. చదవడం రాదు గానీ ఇద్దరు రచయితలు రోజూ ఒకరినొకరు దిద్దుకుంటున్నారని తెలిసిందట. ఎంత సజీవమైన సమాజం, చాలా సంతోషంగా ఉంది అని రాసింది. తల ఎక్కడ కొట్టుకోవాలో తెలియలేదు. బస్సు కిటికీ ఉంది గానీ దానికి అద్దం లేదు.

నర్సింగం ఇప్పుడు సిరిసిల్లలో కూతురు సంగీత దగ్గర ఉంటున్నాడు. ఆమె ఆన్‌లైన్ సెంటర్ నడుపుతుంది. ఫీజులు కట్టడం, కరెంటు బిల్లులు, టికెట్లు, గల్ఫ్‌కు పోయేవాళ్ల కాగితాలు. వెనక సందులో మరమగ్గాల చప్పుడు. నర్సింగం ఫ్యాను కింద కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయాడు. "కూసో బాపూ," అంది సంగీత, గట్టిగానే. అతను సగం లేచి, మళ్లీ కూర్చున్నాడు.

అకౌంటు సంగతి అడిగాను. ఆమె దాచలేదు.

"ఎవడో ఎత్తుకపోలే మేడం, నేనే. బాపు ఫోనుకు ఏందో నంబర్ అచ్చింది, మీ తమ్ముడు సదువుమంటె సదివినన్నడు. బ్యాంకుల పైసలు పోతయేమోనని గుండె జారింది. ఏందని ఎతికితె బాపు పేరు మీద గడీ ముచ్చట! పాస్‌వర్డ్ మర్చిపోయిన అని ఒత్తిన. కొత్తది బాపు ఫోనుకే అచ్చింది. గంతే."

"మా తమ్ముడు కావాలని..."

"మీ తమ్ముడు బాపును పుట్టినసంది నర్సిగా అనే పిలిచిండు. కంప్యూటర్ల పనివడ్డంక నర్సింగమైండు. మా అవ్వ బాలమణి సచ్చినా ఇడువలే. ఆమెతోని సుత రాయిస్తుండు."

నర్సింగం నవ్వాడు. "నా పేరు ఫారిన్ దాక పోయిందంట, నిజమేనా దొరసానీ?"

"నిజమే నర్సింగం."

"సాగర్ ఒక్కడే పోయిండనుకున్న," అన్నాడు.

నేను అసలు విషయం చెప్పాను. నిజంగా రాస్తున్నది ఇద్దరే, ముగ్గురు కావాలి, నేను ఉన్నదున్నట్టు రాస్తే ఇది ఆగిపోతుంది. సంగీత సంతోషిస్తుందనుకున్నాను. ఆమె చేతిలో ఉన్న పని ఆపేసింది.

"ఆపుతరా? అట్లెట్ల ఆపుతరు?"

"నువ్వే అంటున్నవు గద, అంతా అబద్ధమని."

"ఆయన రాసింది అబద్ధం. నేను రాసింది గాదు గద!" తెర నా వైపు తిప్పింది. గడీ గొడవ ఒక్కటే అనుకున్నాను. ఆమె వేరే పేజీలు కూడా రాస్తోంది. డప్పును మంటకు కాచడం ఎట్లా. మస్కట్ వీసా అసలుదో నకిలీదో ఎట్లా పోల్చుకోవాలి. కూలికి పోయేవాళ్లకు ఎండదెబ్బ తగిలితే ముందు ఏం చేయాలి. "ఇక్కడికచ్చెటోల్లకు గివే సదివి ఇనిపిస్త. పుస్తకాల తెలుగుల రాయమంటె నాకు చెయ్యి ఆడదు మేడం. గిట్లయితె నోట్లకెల్లి అచ్చినట్టే అస్తది. ఇప్పుడిప్పుడే రాసుడు వట్టిన. మీ తమ్ముడు జేసినదానికి నా తలుపు మూస్తరా?"

ఇదెక్కడి న్యాయమో నాకూ తెలియలేదు. నిజం రాస్తే ఈ పిల్ల తలుపు మూతపడుతుంది, నా ఒడిబియ్యం పోతాయి. అబద్ధం రాస్తే చచ్చిపోయిన బాలమణి రచయిత్రిగా మిగులుతుంది, తమ్ముడు ఫంక్షన్ హాల్లో దండ వేయించుకుంటాడు. మధ్యలో నేనేం పాపం చేశానని? రిటైరయ్యాక నాలుగు వ్యాసాలు రాసుకుందామనుకున్నాను, అంతే కదా.

వారం పాటు నివేదిక తెరిచి మూశాను. ఇంట్లో అందరి మీదా అరిచాను. చివరికి మా మరదలు ప్రేమలత ఫోన్ చేసింది.

"వదినా, ఆషాఢం అస్తున్నది. ఫంక్షన్ హాల్ లేదు ఏం లేదు, ఇంట్లనే పోస్తం. ఆదివారం రాండ్రి. మీ తమ్ముణ్ని నేను ఒప్పిచ్చిన."

ఆదివారం పొద్దున స్నానం చేసి, పట్టుచీర కట్టుకుని, కంప్యూటర్ ముందు కూర్చున్నాను. రాస్తున్నది ఇద్దరు, శ్రీకాంత్, సంగీత. నర్సింగం పేరు మీది అకౌంటు ఇప్పుడు అతని ఇష్టంతో అతని కూతురు వాడుతోంది. బాలమణి బతికి లేదు. సాగర్ రాయడం లేదు. ఇద్దరు రాసేదీ మంచి భాష, బతికున్న భాష. కానీ ముగ్గురు లేరు. ఇంతే రాశాను. పంపించి, కారెక్కాను.

కోరుట్లలో ఇల్లంతా చుట్టాలే. నన్ను పీట మీద కూర్చోబెట్టారు. కొంగు పట్టాను. ప్రేమలత బొట్టు పెట్టింది. శ్రీకాంత్ పంచె కట్టుకుని, దోసిలితో బియ్యం తీసుకుని వంగాడు. పోస్తూ మెల్లగా అడిగాడు.

"పంపినవా అక్కా?"

"పంపిన."

వాడి మొహం వెలిగిపోయింది. "అక్క పంపిందంటె అయిపోయినట్టే," అని అందరికీ వినపడేటట్టు అన్నాడు. లెక్క ప్రకారం పోయాల్సింది పోసి, ఇంకో దోసిలి పోశాడు. ఒక్క మాటతో వాడిని ఆపగలిగేదాన్ని. ఆపలేదు. కొంగు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

గురువారం కమిటీ నిర్ణయం వచ్చింది. ఇప్పుడు కాదు. బాలమణి, సాగర్ అకౌంట్లు తీసేశారు. ట్రయల్ పేజీలు ఉంటాయి. ముగ్గురు నిజమైన మనుషులతో ఏడాది రాసి చూపిస్తే మళ్లీ ఆలోచిస్తాం. ఇల్మా ఎంత మెత్తగా రాసినా విషయం అదే.

పది నిమిషాల్లో ఫోన్.

"నేను పోసెటప్పటికె పంపినవా?"

"పంపిన అని చెప్పిన గద."

"గిట్ల రాసినవని చెప్పినవా? మరి ఒడి ఎందుకు పట్టినవ్?"

"పుట్టింటి బియ్యం తమ్మీ. పట్టకుంట ఎట్లుంట?"

"అయితె నా బియ్యం నాకు తిరిగి పంపు," అన్నాడు. అనకూడని మాట అది. అన్నాక వాడికీ తెలిసే ఉంటుంది. కానీ ఫోన్ పెట్టేశాడు.

పంపలేదు. వండి నలుగురికీ పెట్టాలి, పెట్టాను. ప్రేమలత వచ్చి తిని వెళ్లింది. వాడు రాలేదు. సంగీత ఫోన్ చేసి, ఏడాది ఎక్కువ మేడం అని నన్ను కడిగేసి, మూడో మనిషిని వెతుకుతున్నానని పెట్టేసింది. మిర్గం కార్తె వాన పడింది, మా ఆయన కోరుకున్న నిమ్మలం వచ్చింది. రెండు వారాలకే ఆయనకు కూడా అది రుచించలేదు. "మీవోడు ఫోన్ జేస్తలేడేంది?" అని రోజూ నన్నే అడగడం మొదలుపెట్టాడు. నాకు ఏడుపొచ్చేది, కోపమూ వచ్చేది, రెండూ ఆయన మీదే తీర్చుకున్నాను.

ఆషాఢం చివర్లో ట్రయల్ పేజీలు చూస్తుంటే కొత్తది కనపడింది. పేరు ఒడిబియ్యం. రాసింది శ్రీకాంత్. బియ్యం ఎట్లా కలపాలి, కుడుకలు ఎన్ని, పోకలు ఎన్ని, అన్నీ రాసి చివర ఇట్లా ముగించాడు. 'తోడవుట్టినోల్లు అక్కచెల్లెండ్లకు పోస్తరు. పోసినంక ఆ బియ్యం ఆడిబిడ్డయి. కోపమచ్చినా తిరిగి అడుగద్దు.'

మొండి వెధవ. నాకు ఫోన్ చేసి చెప్పొచ్చు కదా, లోకానికి చెప్పాలా? కళ్లు తుడుచుకుని మళ్లీ చదివాను.

మర్నాడు చూసేసరికి దాని కింద ఇంకో పేరా చేరింది, నర్సింగం పేరు మీద. 'మా అవ్వ బాలమణికి ఒడిబియ్యం పోస్తందుకు మా మేనమామ మల్లాపూర్‌కెల్లి అచ్చిన దినం, గడీ బిడ్డకు సుత మొదటి ఒడిబియ్యమే. నూక లేకుంట ఆ బియ్యం ఏరుడు మా అవ్వ పని. గడీల ఆమెను ఇంటికి ఇడిసిపెట్టలే. మామ పొద్దూకెదాక అరుగు మీద కూసొని, మూట ఇంట్ల వెట్టి పోయిండు. మా అవ్వ ఒడి పట్టలే.'

గడీ బిడ్డ అంటే నేనే. నాకు ఇంకో అక్కా లేదు, చెల్లీ లేదు.

ఆ పేరా ఎంతసేపు ఉంటుందిలే అనుకున్నాను. వాడు ఇట్లాంటివి గంటలో తీసేస్తాడు. మధ్యాహ్నం చూశాను, ఉంది. సాయంత్రం చూశాను, ఉంది. టీ పెడుతుంటే ఫోన్ మోగింది. నెల దాటాక వాడి గొంతు. ఈసారి పాసయిందా అనలేదు.

"అక్కా, నీ మొదటి ఒడిబియ్యం నాడు నేను హాస్టల్ల ఉంటి. బాలమణి మనింట్ల ఉండెనా?"

పొయ్యి ఆర్పేశాను. వంటింటి గడప పక్కన, చాట ముందు పెట్టుకుని, తల వంచుకుని కూర్చున్న మనిషి. మాటిమాటికీ వాకిలి వైపు చూసింది. అమ్మ తొందర పెట్టింది. నేను కొత్త చీర కుచ్చిళ్లు సర్దుకుంటున్నాను.

"ఉండె తమ్మీ," అన్నాను.



"అయితె గా రాసింది ఉండనియ్," అని ఫోన్ పెట్టేశాడు.